మణిమాల ఎందుకు ఆగింది?

జూన్ 2, సోమవారం

ఈ డైరీ గణేశ్‌కు వాళ్ళ ఆఫీసులో ఇచ్చింది. "మోకాలు ఎట్ల ఉండాదో డైలీ రాసుకో వనజా, డాక్టర్‌కు చూపిద్దాం" అని మార్చిలో నా చేతిలో పెట్టాడు. మొగుడు చెప్పిన పని కాబట్టి ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఈరోజు రాయాలనిపించింది. మోకాలి గురించి కాదు. మోకాలు బాగానే ఉంది.

కిరణ్ ఫోన్ చేశాడు. మణిమాల పాట సౌమ్యకు ఇస్తున్నాడట. "వనజక్కా, కింద కూర్చోకూడదు, ఎగరకూడదు అని డాక్టరే చెప్పె కదా. రిస్క్ వద్దు. నీకు ఇంకా పెద్ద పని ఉండాది" అన్నాడు.

ఆ పెద్ద పని ఏమిటంటే, ఆ డాన్సును విడదీసి, ఏ అడుగు ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వెనక ఏ సంప్రదాయం ఉందో రెండు పేజీల వ్యాసం రాయాలి. ప్రదర్శన రోజు పంచే పుస్తకంలో వేస్తాడట. ఏడుస్తున్న పిల్ల చేతిలో గిలక్కాయ పెట్టినట్టు పెట్టాడు. కిరణ్ మంచి దర్శకుడే. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని శని, ఆదివారాలు నాటకాలు వేయిస్తాడు. కానీ అబద్ధం చెప్పడం చేతకాదు పాపం.

ఈసారి నాటకం హొసకోటె వైపు పల్లెల్లో జాతరలకు వేసే పాటల నాటకాల గురించి. అందులో రాణి మణిమాల ప్రవేశం ఏడు నిమిషాల పాట. తనే పాడుతూ తనే ఆడాలి. ఆ ఏడు నిమిషాల కోసమే నేను ఈ బృందంలో చేరాను. యలహంకలో పిల్లలకు డాన్సు నేర్పుతూ, వాళ్ళ అమ్మల చేత కాఫీ తాగించుకుంటూ పదేళ్ళు గడిపిన దాన్ని, ముప్పైయారేళ్ళకు రాణినవుతున్నానని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. రిహార్సల్లో ఒక్క గంతు తప్పుగా వేసి లిగమెంటు సాగదీసుకున్నాను.

నాకేం బాధ లేదు. సౌమ్యకు ఇరవై రెండేళ్ళు. ఎటు వంచితే అటు వంగుతుంది. నాకేం బాధ లేదని గణేశ్‌తో మూడుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పగానే వెళ్ళి మైసూరు పాక్ తెచ్చాడు.

జూన్ 3, మంగళవారం

మోకాలు బాగానే ఉంది. వంటింట్లో రెండు అడుగులు వేసి చూశాను. ఊరికే.

జూన్ 7, శనివారం

కిరణ్ మేనమామ దగ్గర దొరికిన పాత వీడియో క్యాసెట్టును ఫోనులోకి ఎక్కించి పంపారు. 1991లో హొసకోటె దగ్గర ఒక పల్లెలో జాతర నాటకం. బొమ్మ వణుకుతూ ఉంటుంది. రంగులు కారిపోయి రాణి ముఖం నారింజ పండులా ఉంది. కెమెరా పట్టుకున్న మహానుభావుడు రాణి కిరీటం దగ్గరే ఫ్రేము కోసేశాడు, పైన ఏముందో జానెడు కూడా కనపడదు. పోనీలే, కాళ్ళు మాత్రం బాగా కనిపిస్తున్నాయి.

రాణి వేసిన ఆమె పేరు సావిత్రమ్మ. అప్పుడు ఆమెకు కూడా నా ఈడే ఉండొచ్చు.

పదకొండుసార్లు చూశాను. పన్నెండోసారి గణేశ్ కూడా వచ్చి కూర్చుని, "ఈమె మనిషేనా, మిషనా?" అన్నాడు. నాకు తెలియకుండానే నవ్వుతూ చూస్తున్నానట.

ఇప్పటికి తేలినవి రాసుకుంటాను. మొదట ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటారు, రాణి దాని వెనక నిలబడి జడ ఒక్కటే తెర మీదుగా వేస్తుంది. ఇది పాత భాగవతాలది, సందేహమే లేదు. మడమ కొట్టి పక్కకు జారే అడుగు కోలాటం నుంచి వచ్చింది. రెండో చరణంలో భుజం విదిలింపు ఏ శాస్త్రంలోనూ లేదు, అది సినిమా. చేతి ముద్రల్లో సగం చూస్తే మా టీచరు చెయ్యి మీద ఒక్కటి వేసేది. మిగతా సగం చూస్తే తనే నేర్చుకునేది.

మూడు విషయాలే కొరుకుడు పడటం లేదు. రాణి ఎంత దూరం వెళ్ళినా, పాట పంక్తి ఎత్తుకునే సరికి స్టేజి మధ్యలో ఒకే చోటికి వస్తుంది. వచ్చి గడ్డం పైకెత్తి ఆకాశానికి పాడుతుంది. ఏడు నిమిషాల్లో పంతొమ్మిదిసార్లు. ఇంకొకటి, ఎడమవైపు వెళ్ళే ప్రతిసారీ ఒక చోట ఎడమకాలు చిన్నగా ఎత్తి దాటుతుంది, అక్కడ ఏమీ లేకపోయినా. అన్నిటికన్నా వింత మూడో చరణంలో ఉంది. "వాకిలి తీయరే వచ్చినాను నేను" అని పాడి, "వెన్నెలనడిగి వెంట తెచ్చినాను" అనాల్సిన చోట చెయ్యి తామరమొగ్గలా ఎత్తి ఆగిపోతుంది. కదలదు. హార్మోనియం ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. ముప్పైయొక్క సెకన్లు లెక్కపెట్టాను. జనంలో చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. తర్వాత "వెన్నెల" అని అందుకుంటే చప్పట్లు.

అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. స్టేజి మీద మూడు సెకన్లు ఖాళీగా నిలబడితే నాకు చెమటలు పడతాయి.

జూన్ 10, మంగళవారం

దొరికింది! మూడూ దొరికాయి. పొద్దున ఇడ్లీ పిండి రుబ్బుతుంటే తట్టింది.

మధ్యకు పదే పదే రావడం ప్రదక్షిణం. గుడిలో తిరిగి తిరిగి గర్భగుడి ఎదుటికే వస్తాం కదా. గడ్డం ఎత్తడం పైనున్న దేవతను పలకరించడం. ఎడమకాలు ఎత్తి దాటేది గడప. పాటలో వాకిలి ఉంది కదా, కనిపించని గడపను దాటి కొత్త కోడలిలా లోపలికి వస్తుంది. ఆ ముప్పైయొక్క సెకన్లు శిల్పం. గుడి స్తంభం మీది మదనిక కాసేపు కదిలి మళ్ళీ రాయి అవుతుంది.

రాసి నేనే రెండుసార్లు చదువుకున్నాను. కాస్త గర్వంగా ఉన్న మాట నిజమే. ఇంత తెలివి కాళ్ళు బాగున్న రోజుల్లో ఎక్కడ దాక్కుందో.

మోకాలు బాగానే ఉంది.

జూన్ 14, శనివారం

కుందలహళ్ళిలో రిహార్సల్. కింద ఆంధ్రా మెస్సు, పైన మా గది. పప్పు పోపు వాసన వస్తే పదకొండు దాటిందని అర్థం.

కిరణ్ వ్యాసం గట్టిగా చదివాడు. "సూపర్ అక్కా, ఇది యూనివర్సిటీ లెవెల్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కిరణ్ మొదటి వరుసలో నాకొక ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఇంకొకటి. అందులో కూర్చుని సౌమ్యకు అడుగులు చెప్పాను.

సౌమ్య అన్నీ సరిగ్గానే చేస్తుంది. గంతులు ఎంత బాగా వేస్తుందో. చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. నాకూ వేసింది. అందుకే అంత త్వరగా ఇంటికి వచ్చేశాను, ముచ్చట ఎక్కువై.

జూన్ 16, సోమవారం

ఐస్ పెట్టుకున్నాను. ఇరవై నిమిషాలు. గణేశ్ ఫోనులో అలారం పెట్టి మరీ కాపలా కాశాడు.

జూన్ 18, బుధవారం

సౌమ్య ఈరోజు సగంలో ఆగిపోయి నేల మీద కూర్చుండిపోయింది.

"అక్కా, నాకు కాలే లేవట్లేదు. ఎత్తే ముందు గడప అనుకోవాలి, కొత్త కోడలు అనుకోవాలి, మధ్యలోకి వస్తే గర్భగుడి అనుకోవాలి. ఇన్ని అనుకునే లోపల బీట్ వెళ్ళిపోతా ఉండాది. వీడియోలో ఆ ఆంటీ ఏమీ అనుకోకుండా జాలీగా చేస్తా ఉండారు కదా?"

"అది అనుభవం సౌమ్యా. లోపల అంతా ఉంటుంది" అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"ఆమె ఉండేది హొసకోటెనే అంట. కిరణ్ అన్న వాళ్ళ మామకు తెలుసంట. సుమ్నె, ఊరికే పోయి అడిగేస్తే అయిపోతుంది కదక్కా?"

అడిగేస్తే అయిపోతుందట! అడిగితే తెలిసేదానికి పరిశోధన ఎందుకు? వారం రోజులు నేను కళ్ళు పోయేలా చూసి రాసింది ఎందుకు? చాలా కోపం వచ్చింది. ఆదివారం వెళ్దామని చెప్పాను. సావిత్రమ్మ నోటితోనే నా వ్యాసం సరైనదని వినిపించి ఈ పిల్ల నోరు మూయిస్తాను.

జూన్ 22, ఆదివారం

సాయంత్రం నాలుగు. ఇప్పుడే ఇంటికి వచ్చాం. అంతా రాసేయాలి, ఒక్క మాట కూడా పోకూడదు.

గణేశ్ కారు నడిపాడు. నేను, సౌమ్య వెనక. నేను వ్యాసం ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాను. సావిత్రమ్మ ఇల్లు ఒక సందు చివర. డెబ్బై ఒక్కేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ముక్కుకు రెండు వైపులా ముక్కుపుడకలు. నడిమింట్లో గోనెపట్టా పరుచుకుని, మోచేతుల దాకా నూనె పూసుకుని పనసపండు కోస్తూ కూర్చుంది.

"ఎవరప్పా మీరు? ఓటరు లిస్టు వాళ్ళా?" అంది.

విషయం చెప్పాను. చేతులకు జిగురు కాబట్టి ఫోను నేనే పట్టుకుని ఆమె ముఖం ముందు పెట్టాను. ముప్పైనాలుగేళ్ళ కిందటి తనను చూసుకుంటూ ఆమె మొదట అన్న మాట, "ఆ రవిక నాది కాదు పాపా, డ్రెస్సుల అంగడిది. చంకలో చిరిగి ఉండె. అందుకే ఆ చెయ్యి ఎక్కువ ఎత్తలే."

అప్పటికే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. కవరు తీసి వ్యాసం మొత్తం చదివి వినిపించాను, ప్రదక్షిణం, గడప, మదనిక, అన్నీ. సావిత్రమ్మ నోరు తెరుచుకుని విన్నది. నూనె మోచేతి నుంచి చుక్కలు పడుతున్నా చూసుకోలేదు.

"ఇంత ఉండాదా నా డాన్సులో?" అంది.

తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే పనసపండు ఒళ్ళోంచి దొర్లి గణేశ్ కాళ్ళ దగ్గరికి పోయింది. లోపలి నుంచి కూతురు పరిగెత్తుకుని వచ్చింది, అమ్మకు ఏమైందోనని.

"మైకు పాపా, మైకు! పైనించి వేలాడతా ఉండె. స్టేజికంతా అదొకటే. దాని కిందికి వచ్చి పాడితేనే జనానికి వినపడేది. పక్కకు పోయినానంటే నా పాట నాకే."

"మరి గడ్డం పైకెత్తడం?"

"మైకు కట్టినోడు రాజు వేషం వేసినోడే. నాకన్నా జానెడు పొడుగు. వాని నోటికి సరిగా కట్టుకున్నాడు. నేనేం చేసేది? మెడ నిక్కించుకుని పాడినా."

గణేశ్ గోడవైపు తిరిగాడు. భుజాలు ఊగుతున్నాయి. సౌమ్య దుపట్టా నోట్లో కుక్కుకుంది.

గడప ఒక్కటైనా మిగులుతుందేమోనని అడిగాను. గడప కూడా లేదు. డ్రమ్ముల మీద పలకలు పరిచి స్టేజి కట్టారట. ఎడమవైపు రెండు పలకల మధ్య సందు. "ముందు సీన్లో మంత్రి కాలు దాంట్లోకి పోయె. లేయలేకపోయినాడు పాపం, ఆ రోజంతా కూర్చునే రాజ్యం నడిపినాడు. అది చూసినాక ఎవరైనా దాటకుండా పోతారా?"

"ఆ ముప్పైయొక్క సెకన్లు?" అని అడిగాను.

"ఏంటికి ఆగినాననా? పాట మర్చిపోయినా!" అని మళ్ళీ నవ్వు. "చెయ్యి పైకెత్తినా, మాట రాలే. ఎత్తిన చెయ్యి దించితే మర్చిపోయినట్టు తెలిసిపోతుంది కదా? అట్లే పెట్టుకున్నా. హార్మోనియం మేష్ట్రు వెంకటగిరియప్ప తిప్పతా ఉండాడు, తిప్పతా ఉండాడు, నన్ను తిడతా ఉండాడు, రాగంలోనే. జనానికి అది ఆలాపన. ఆఖరుకు ఆ తిట్లలోనే 'వెన్నెల' అని అందించినాడు."

నా వారం రోజుల పని పనసతొనల మధ్య పడి ఉంది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వాను. కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారేదాకా నవ్వాను. మార్చి తర్వాత అలా నవ్వలేదు.

కోలాటం మాత్రం నేను చెప్పింది నిజమేనట, వాళ్ళ అమ్మ నేర్పింది. భుజం విదిలింపు టెంటు సినిమాలో చూసి, వరసగా నాలుగాటలు కూర్చుని పట్టుకుందట. "నాలుగో ఆటకు టికెట్టోడు ఊరికే పంపినాడు. నువ్వు సినిమా చూసేదానికి రాలే, దొంగతనానికి వచ్చినావు అనె" అంది, గర్వంగా.

ఆ తర్వాత చెప్పిన మాట మర్చిపోకుండా రాయాలి. "మరుసటేడు మాలూరు వాళ్ళు ఇదే నాటకం ఆడిరి. నేను ముందు వరసలో కూర్చున్నా. వాళ్ళ మణిమాల వెన్నెల దగ్గరికి వచ్చి టక్కని ఆగె. చెయ్యి పైకెత్తుకుని. అయ్యో, మర్చిపోయిందేమో, కింద నుంచి అందిద్దామని లేచినా. మర్చిపోలే పాపా! నేను ఆగినానని ఆగింది. ఆగకుంటే జనం ఒప్పుకోరంట. అదే మైకు కింద మెడ నిక్కించడమూ అంతే, ఆ పిల్ల నాకన్నా పొడుగు, అయినా నిక్కించె."

అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "ఇంత చూసినావు, ఇంత రాసినావు. నీవు ఆడేది లేదా?" అంది.

మోకాలి సంగతి చెప్పాను.

"మోకాలేనా? నాకు మైకు, సందు, చిరిగిన రవిక. నీకు మోకాలు. దాన్ని చూసుకుని ఆడు. లే."

లేచాను. మధ్యలో పనసపండు. గది చిన్నది. ఆమె పాట ఎత్తుకుంది, డెబ్బై ఒక్కేళ్ళ గొంతు, ఇప్పటికీ మైకు అక్కర్లేదు. కోలాటం అడుగు వచ్చింది. భుజం వచ్చింది. గంతు వేయాల్సిన చోట కుడి మోకాలు వంగనంది. వంగకపోతే మానె అని కాలు పక్కకు చాపి, బొటనవేలితో నేలను రాస్తూ పనసపండు చుట్టూ అర్ధచక్రంగా ఈడ్చాను. పాదం తిరుగుతుంటే నడుము దానంతట అదే తిరిగింది.

సావిత్రమ్మ జిగురు చేతులతో చప్పట్లు కొట్టింది. అవి అంటుకుపోయాయి.

"అక్కా, అది ఏం స్టెప్?" అంది సౌమ్య. దానికి పేరు లేదు.

వచ్చే దారంతా కారు పనస వాసన. మోకాలు నొప్పిగా ఉంది. ఇది ఈ డైరీలో రాసిన మొదటి నిజం అనుకుంటాను.

జూన్ 23, సోమవారం

నాకు బాధగా ఉంది. జూన్ రెండు నుంచీ ఉంది. సౌమ్య గంతు వేసినప్పుడల్లా ఆ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోవాలనిపించింది. మణిమాల నాకు కావాలి. షో రెండు రోజులు. రెండుసార్లు కాదు, ఒక్కసారి చాలు.

జూన్ 25, బుధవారం

అడిగేశాను. రిహార్సల్ ముందు, మెస్సులో, కిరణ్ రెండో దోసె తింటుంటే.

"రెండు రోజులు షో ఉంది కదా. శనివారం నాకివ్వు, ఆదివారం సౌమ్య చేస్తుంది. గంతులు ఉండవు, కూర్చోవడం ఉండదు. నా మోకాలికి తగ్గట్టు మారుస్తాను. వ్యాసం కూడా వెనక్కి ఇచ్చేయి, అందులో సగం తప్పు."

"అక్కా, స్టేజి మీద మోకాలు పట్టేస్తే?"

"కూర్చునే రాజ్యం నడుపుతాను."

కిరణ్‌కు అర్థం కాలేదు. సౌమ్యకు అర్థమై కూడా నవ్వలేదు. చట్నీ గిన్నెలో వేలు తిప్పుతూ, "మా అమ్మకు శనివారానికి టికెట్ తీసినాను అక్కా" అంది. అంతే. చేతిలో ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశాను. ఇన్నాళ్ళూ ఆ పిల్లకు కూడా ఒక అమ్మ ఉంటుందని, ఆమె చుట్టాలందరికీ చెప్పుకుని ఉంటుందని నాకు తట్టనే లేదు.

"సారీ సౌమ్యా. వద్దులే" అన్నాను.

తర్వాత సౌమ్యే, "అన్నా, ఆ టికెట్ సండేకు మార్చు. బట్ ఒకటి అక్కా, ఆ స్టెప్పు నాకు మళ్ళీ ఒకసారి చూపించల్ల" అంది.

కిరణ్ వచ్చే బుధవారం చూసి చెప్తానన్నాడు. డాక్టరు ఒప్పుకోవాలట, అందరి ముందు మొత్తం పాట తూలకుండా చేయాలట.

జూన్ 27, శుక్రవారం

డాక్టరు: గంతు వద్దు, కూర్చోవద్దు, ఈడ్చుకోవచ్చు. "ఈడ్చుకోవచ్చు" అని చీటీ మీద రాయించుకున్నాను. గణేశ్ దాన్ని ఫ్రిజ్ మీద అంటించాడు.

జూలై 2, బుధవారం

చేశాను. ఏడు నిమిషాలు. తూలలేదు. కింద మెస్సు వాళ్ళు కూడా పైకి వచ్చి చూశారు. కిరణ్ నా ప్లాస్టిక్ కుర్చీలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి మూల పెట్టాడు.

కొత్త వ్యాసం రాసిచ్చాను. మొత్తం ఇదే: "ఈ ప్రవేశం 1991లో హొసకోటె దగ్గర సావిత్రమ్మగారు ఆడింది. ఇందులో కొంత భాగవతం, కొంత కోలాటం, వరసగా నాలుగు ఆటల సినిమా, వేలాడే మైకు ఒకటి, పలకల మధ్య సందు ఒకటి ఉన్నాయి. మిగతాది ఆమెను అడగండి, రెండో వరసలో కూర్చుని ఉంటారు." కిరణ్ రెండు పేజీలు కదా అడిగాను అని గొణిగాడు. మిగతా పేజీల్లో సావిత్రమ్మ ఫోటో వేసుకో అన్నాను.

జూలై 9, బుధవారం

సౌమ్య నా కిరీటానికి పిన్నులు పెడుతూ తలలో గుచ్చింది. పొరపాటునే అనుకుంటాను.

జూలై 13, ఆదివారం

ఉదయం. గణేశ్ కాఫీ కలుపుతున్నాడు. కాలి కింద రెండు దిండ్లు.

నిన్న హాలు నిండింది. తెర వెనక నిలబడి జడ వేశాను, తెర తీశారు. నా దగ్గర డాన్సు నేర్చుకునే పిల్లల అమ్మలు మూడో వరసలో ఈలలు వేశారు. ఇన్నేళ్ళూ క్రమశిక్షణ గురించి నాకు పాఠాలు చెప్పిన ఆడవాళ్ళు!

చెవి పక్కన చిన్న మైకు అంటించి ఉంది, ఎక్కడ పాడినా వినిపిస్తుంది. అయినా పంక్తి పంక్తికీ మధ్యకు వచ్చాను, లేని మైకుకు గడ్డం ఎత్తాను. కొత్త చెక్క స్టేజి, ఎక్కడా సందు లేదు. ఎడమకాలు ఎత్తి దాటాను. వాటిలో ఏ అర్థమూ లేదని తెలిశాక ఎంత తేలిగ్గా ఉందో. ఆమె మెడ నిక్కించిన చోట నేను మెడ నిక్కిస్తున్నాను. నాకది చాలు.

మూడో చరణం. "వాకిలి తీయరే వచ్చినాను నేను." చెయ్యి ఎత్తి ఆగాను. ముప్పైయొక్క సెకన్లు ఆగాలని ముందే అనుకున్నాం, కీబోర్డు అబ్బాయి లెక్కపెట్టుకుంటూ వాయిస్తున్నాడు. చెమట పట్టలేదు. జనం ముఖాలు ఒక్కొక్కటీ చూశాను. గణేశ్ నోరు తెరుచుకుని ఉన్నాడు. ఎంత బాగుందో అనుకున్నాను. ఆ బాగుండటంలో పడి తర్వాతి మాట మర్చిపోయాను.

నిజంగా మర్చిపోయాను. నలభై సెకన్లు అయి ఉంటుంది. కీబోర్డు అబ్బాయి కళ్ళు పెద్దవి చేసి మళ్ళీ తిప్పాడు. రెండో వరసలో సావిత్రమ్మ లేచి నిలబడింది. వెంకటగిరియప్ప మేష్ట్రు తిట్టిన రాగంలోనే, హాలంతా అదిరేలా, "వెన్నెలే పాపా, వెన్నెలా!" అని అందించింది.

హాలు ఒక్కసారి నవ్వింది, వెంటనే చప్పట్లు. అందులోనే నేను వెన్నెలనడిగాను, వెంట తెచ్చాను, కుడికాలు చాపి స్టేజి మొత్తం అర్ధచక్రం ఈడ్చాను. ఆ తర్వాత ఏమైందో సరిగ్గా గుర్తులేదు, చాలా సంతోషంగా ఉందని మాత్రం గుర్తుంది.

ఆట అయ్యాక ఒక పెద్దాయన తెర వెనక్కి వచ్చారు. డాన్సుల మీద పుస్తకాలు రాశారట. "ఆ చివర కుడిపాదం ఈడుస్తూ తిరిగారే, అది చాలా అరుదైన కదలిక. ఏ సంప్రదాయం అమ్మా? యక్షగానమా, వీధి నాటకమా?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపల సావిత్రమ్మ అందుకుంది. "హొసకోటె పద్ధతి అప్పా. చానా పాతది."

ఆయన నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఇరవై రోజుల పాతదని నేను చెప్పలేదు. పాపం, ఆయన ముఖంలో జూన్ పదో తారీఖు నా ముఖమే కనిపించింది.

జూలై 14, సోమవారం

నిన్న సౌమ్య షో. మేకప్ గదిలో పట్టుకుంది. "అక్కా, ఆ ఈడ్చేది నాకు సరిగా రావట్లేదు. కాలు తేలిపోతా ఉండాది."

"నీకెందుకే అది? నీ మోకాళ్ళు బంగారంలా ఉన్నాయి. నువ్వు హాయిగా గంతు వెయ్యి, కూర్చుని లే. అసలు పాటలో ఉన్నది అదే."

"అదెట్లా? మణిమాల అంటే అది ఉండల్ల కదా" అంది, నేనేదో తెలియని దాన్నైనట్టు.

అద్దాల ముందు పది నిమిషాలు నేర్పాను. మోకాలు వంగదు అనుకో, వంచబోయి మానుకో, అప్పుడు కాలికి బరువు వస్తుంది అని చెప్పాను. నడిచి కూడా చూపించాను. బంగారు మోకాళ్ళ పిల్లకు కుంటడం నేర్పుతున్నానని గుర్తొచ్చి మధ్యలో ఇద్దరం నవ్వాం. దాని కాటుక చెదిరితే నేనే దిద్దాను.

పక్క తెర చాటున స్టూలు మీద, మోకాలి మీద ఐసు సంచీతో కూర్చుని చూశాను. సౌమ్య వాళ్ళ అమ్మ మొదటి వరసలో, గులాబీ రంగు పట్టుచీర. సావిత్రమ్మ మళ్ళీ రెండో వరసలో. సౌమ్య లేని మైకుకు గడ్డం ఎత్తింది. లేని సందు దాటింది. వెన్నెల దగ్గర చెయ్యి ఎత్తి ఆగింది. ఆ పిల్లకు పాట అక్షరం అక్షరం వచ్చు, నాకు తెలుసు. అయినా ఆగి, కళ్ళు రెండో వరస వైపు తిప్పి ఎదురుచూసింది. సావిత్రమ్మ లేచింది. ముందు రోజు వచ్చినవాళ్ళు కొందరు మళ్ళీ వచ్చినట్టున్నారు, ఆమెతో పాటు ఇంకో పది గొంతులు "వెన్నెలా!" అన్నాయి. అందులో నాది కూడా ఉంది.

అప్పుడు సౌమ్య కుడికాలు చాపింది. వంచబోయి మానుకుంది. బొటనవేలు నేలకు రాసి, నడుము తిప్పి, స్టేజి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. నాకన్నా బాగా కుంటింది.